ఇంటికిని, కొట్టమునకును, అడవికిని తిరుగు క్రిములు

మనుష్యుడు ఇంటిలోను, పశువు కొట్టములోను, కోతి అడవిలోను వేర్వేరుగా నివసించునని మనము తలంతుము. ఈ మూడు నెలవుల నడుమ గోడయో, కంచెయో, పొలిమేరయో ఉన్నదని మన నమ్మకము. కాని మిక్కిలి చిన్నవైన కొన్ని ప్రాణులకు ఈ హద్దులు లేవు. అవి ఒకరి ప్రేవులలో పెరిగి, మలముతో వెలువడి, నీటి వెంటనో మట్టి వెంటనో మఱియొకరి నోటికి చేరి, అక్కడ కాపురము పెట్టును. వీనిని గూర్చి మన విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనుట మేలని యెంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆసుపత్రి గోడపై అతికించు ప్రకటనలు సాధారణముగా రాష్ట్రభాషలో ఉండును. తెలుగు మాత్రమే చదువనేర్చిన పెద్దలకు వానిలోని మంచి మాటలు అందవు. తమిళులు ‘కుడర్పుళు’ అన్నను, కన్నడిగులు ‘జంతుహుళు’ అన్నను, మనము ‘నులిపురుగులు’ అన్నను బాధ యొక్కటియే గదా!

ఇతర ప్రాణి శరీరమును ఆశ్రయించి, దాని ఆహారమును గాని రక్తమును గాని గ్రహించి బ్రతుకు ప్రాణిని పరాన్నజీవి యందురు. ప్రేవులలో నుండు పరాన్నజీవులు ముఖ్యముగా రెండు తెగలవి. మొదటి తెగ పురుగులు. ఏలికపాములు, కొంకిపురుగులు, కొరడాపురుగులు, బద్దెపురుగులు ఇందులోనివి. ఆడ ఏలికపాము ఒక్కటి దినమునకు సుమారు 2,00,000 గ్రుడ్లు పెట్టగలదు. ఆ గ్రుడ్లు మలముతో మట్టిలో చేరి, అచట కొన్ని వారములు పక్వమునొంది, పిమ్మట చేతులకును కూరగాయలకును అంటుకొని మన నోటికి వచ్చును.

రెండవ తెగ ఏకకణ జీవులు. ఇవి సూక్ష్మదర్శినిలో తప్ప కనబడవు. వీనిలో ‘జియార్డియా’ యనునది ప్రసిద్ధము. హాలండు దేశీయుడైన లీవెన్‌హుక్ 1681వ సంవత్సరమున తాను స్వయముగా చేసికొన్న కటకముతో తన మలమునే పరీక్షించి, దీనిని మొదటిసారి చూచెను. ఇది దేహము వెలుపలికి వచ్చునప్పుడు తనచుట్టు గట్టి పొరను కల్పించుకొని కోశముగా మారును. ఆ కోశము ఇంచుమించు మిల్లీమీటరులో నూఱవ వంతు ఉండును. చల్లని నీటిలో వారముల తరబడి చావక నిలుచును. పట్టుమని పది కోశములు కడుపులో చేరినను రోగము కలుగవచ్చును.

ఇట్టి జీవులు ఇంటికిని, కొట్టమునకును, అడవికిని నడుమ ఎట్లు తిరుగునో చక్కగా తెలిసిన చోటొకటి కలదు. అది ఆఫ్రికా ఖండమున ఉగాండా దేశపు పశ్చిమ భాగమందలి కిబాలే అడవి. 1993లో దానిని జాతీయ వనముగా చేసిరి. చింపాంజీలతో కూడ 13 జాతుల వానరములు అందు వసించుచున్నవి. వానిలో ఎఱ్ఱ కొలబస్ అను కోతి యొకటి. ఇది మన కొండముచ్చువలె ఆకులు మేయునది. అడవి చుట్టును పల్లెలున్నవి. అచటి రైతులు అరటి, మొక్కజొన్న పండింతురు. ఆవులను, మేకలను పెంతురు. ఒకప్పుడు ఒక్కటిగా నున్న అడవి పొలముల నడుమ చిన్న చిన్న ముక్కలుగా మిగిలినది. ఆ ముక్కలలోనే కోతులును, కట్టెలకై వచ్చు మనుష్యులును, మేతకై వచ్చు పశువులును కలిసికొనవలసి వచ్చుచున్నది.

ఈ ప్రాంతమున శాస్త్రజ్ఞులు మనుష్యుల, పశువుల, ఎఱ్ఱ కొలబస్ కోతుల మలమును పరీక్షించి 2010లో ఫలితములను ప్రకటించిరి. మనుష్యులలో నూటికి సుమారు 40 మందిలోను, పశువులలో నూటికి సుమారు 12 టిలోను, కోతులలో నూటికి సుమారు 11 టిలోను జియార్డియా కానవచ్చినది. అయితే ముగ్గురిలోను ఒకే పేరుగల జీవి ఉన్నంత మాత్రమున అది ఒకరినుండి ఒకరికి సోకినదని చెప్పరాదు. ఒకే ఇంటిపేరు గలవారందఱును ఒకే ఇంటివారు కారు గదా! అందుచే వారు ఆ జీవుల జన్యులక్షణములను పోల్చి చూచిరి. మనుష్యులలో ‘బి’ అను వర్గమును, పశువులలో ‘ఇ’ అను వర్గమును దొరికెను. కోతులలో మాత్రము ఈ రెండు వర్గములును కనబడెను. అనగా కోతికి ఒక వర్గము మనుష్యుని వైపునుండియు, మఱియొకటి పశువు వైపునుండియు చేరియుండునని ఊహించుట సమంజసము. అడవి మృగములవలన మనకు రోగములు వచ్చునని మనము భయపడుచుందుము. ఇచట మన రోగమే అడవికి పోయినట్లున్నది.

అదే ప్రాంతమున 2008లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధన ప్రేవులలోని సామాన్య బాక్టీరియాను గూర్చినది. అడవి ముక్క ఎంత పాడుపడిన, అందలి కోతుల బాక్టీరియాకును మనుష్యుల, పశువుల బాక్టీరియాకును అంత ఎక్కువ పోలిక కనబడినది. పొలములపై పడి పంట తిను కోతులలో ఈ పోలిక మఱింత హెచ్చు. కొరడాపురుగులను 2014లో ఇట్లే పరిశీలింపగా, కొన్ని వంశములు కొన్ని కోతులకే పరిమితమై యున్నను, ఒక వంశము మనుష్యులలోను కోతులలోను గూడ ఉన్నదని తేలినది. కావున ప్రతి పురుగును ప్రతి ప్రాణికి సోకదు. సోకగల వానికి మాత్రము మనము దారి తీయరాదు.

ఆ దారులు ఎట్టివి? మొదటిది నీరు. ఆరుబయట విడిచిన మలమును, కొట్టపు కసవును వాన కడిగి చెలమలోనికిని వాగులోనికిని చేర్చును. అదే నీటిని మనుష్యుడు ముంచుకొనును, ఆవు త్రాగును, కోతియు త్రాగును. రెండవది నేల. చెట్లు తఱిగిపోయిన చోట కోతి కొమ్మనుండి కొమ్మకు దాటలేక నేలకు దిగును. మూడవది చేయి. పేడ ఎత్తిన చేతిని సబ్బుతో కడుగక అన్నము కలిపినచో ఇక వేఱు దారి యేల?

చింపాంజీలు తమ కడుపులోని పురుగులకు తామే ఒక ఉపాయము చేసికొనునని వినిన విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. టాంజానియా దేశమందలి మహాలే కొండలలోని చింపాంజీలు గరుకైన నూగుగల ఆకులను మడిచి, నమలకుండ మ్రింగుచుండును. ఆ ఆకులు జీర్ణము గాక వెలికి వచ్చునప్పుడు వానితో పురుగులు కూడ వెలువడుటను హఫ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించెను. నోరులేని జంతువే తన కడుపును శుభ్రపఱచుకొన జూచుచుండ, చదువుకొన్న మనము ఉపేక్షింపదగునా?

ఉపేక్షించినచో నష్టము చిన్నది కాదు. కొంకిపురుగు రక్తమును పీల్చి పిల్లలను పాలిపోజేయును. జియార్డియా విరేచనములను, కడుపు ఉబ్బరమును కలిగించి, తిన్న తిండి ఒంటబట్టకుండ చేయును. పలువురలో ఏ బాధయు పైకి తెలియదు. కాని వారినుండి ఇతరులకు సోకుచునే యుండును. తరగతిలో ఎప్పుడును అలసి తూగు పిల్లవానిని మందబుద్ధి యని నిందించుటకు ముందు వాని కడుపును గూర్చి విచారింపవలెను.

మన దేశమున 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినము జరుపబడుచున్నది. సాధారణముగా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలలో 1 మొదలు 19 ఏండ్లవరకు గల పిల్లలకు బడులలోను అంగన్‌వాడీలలోను ఆల్బెండజోల్ మాత్ర ఉచితముగా ఇత్తురు. రెండేండ్లు నిండినవారికి 400 మిల్లీగ్రాముల మాత్ర, అంతకు చిన్నవారికి అందులో సగము. దానిని బాగుగా నమిలి మ్రింగవలెను. ఆనాడు జ్వరము మొదలైన జబ్బుతో నున్న పిల్లలకు ఇయ్యక, నెమ్మదించిన పిమ్మట ఇయ్యవలెను. తలిదండ్రులు అనవసరపు భయముతో ఆ దినమున పిల్లలను బడి మాన్పింపరాదు. కాని యొక్క సంగతి మఱువరాదు. ఆ ఒక్క మాత్ర ఏలికపాముల వంటి పురుగులకే గాని, జియార్డియా వంటి ఏకకణ జీవులకు చాలదు. విరేచనములు తగ్గకున్నచో వైద్యునికి చూపవలెను. మఱియు అలవాట్లు మారనిచో నేడు పోయిన పురుగు రేపు మరల వచ్చును.

కావున చేయదగిన పనులు ఇవి. త్రాగు నీటిని తెర్లనిచ్చి, కనీసము ఒక్క నిమిషము మరుగనిచ్చి, చల్లార్చి త్రాగవలెను. మరుగుదొడ్డినే వాడవలెను. తినుటకు ముందును, దొడ్డికి పోయి వచ్చిన పిమ్మటను, పశువుల పని ముగిసిన పిమ్మటను చేతులను సబ్బుతో కడుగవలెను. చెప్పులు లేక మురికి నేలపై తిరుగరాదు. పచ్చిగా తిను కూరగాయలను మంచి నీటితో కడుగవలెను. పేడదిబ్బను బావికి దూరముగా ఉంచవలెను. కోతులకు చేతితో తిండి పెట్టుటయు, ఎంగిలిని వానికి పాఱవేయుటయు మానవలెను. వానిపై కోపము వలదు. దూరమే ఉభయులకును క్షేమము.

ఇన్నాళ్లు శుభ్రతను మన ఇంటి గడపవఱకే లెక్కించితిమి. కొట్టములోని ఆవును, అడవిలోని కోతియు ఒకే వాగు నీరు త్రాగుచున్నంతకాలము ఆ లెక్క సరిపోదు. మన పిల్లల కడుపు చల్లగా నుండవలెనన్నచో ఆ వాగు నిర్మలముగా నుండవలెను. విద్యార్థులు ఈ మాటను ఇంటికి కొనిపోయి, చదువురాని పెద్దలకు తెలుగుననే చదివి వినిపింతురు గాక!