పసిపిల్లలకి రక్తంలో ఇన్ఫెక్షన్ వస్తే ఊపిరి ఎందుకు ఆగుతుంది?

ఈరోజు విషయం నాకు ఒక మానిటర్ మోత వల్ల తెలిసింది.

మా అక్కకి నెలలు నిండకుండానే బాబు పుట్టాడు. పదో రోజున ఎన్ఐసీయూలో మానిటర్ పదేపదే మోగడం మొదలైంది. చూస్తే వాడు ఊపిరి తీయడం మధ్యమధ్యలో ఆపేస్తున్నాడు. నర్సు అరికాలు మీద తడితే మళ్లీ తీస్తున్నాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. డాక్టరుగారు మాత్రం "రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందేమో, కల్చర్‌కి పంపుదాం" అన్నారు. ఇన్ఫెక్షన్ రక్తంలో ఉంటే ఊపిరి ఆగడమేంటి? నాకు అస్సలు అర్థం కాలేదు.

తర్వాత చదివితే తెలిసింది, మధ్యలో ఒక ఎంజైమ్‌ల జట్టు ఉందని.

మన కణాల పొరల్లో అరకిడోనిక్ యాసిడ్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు అది పొర నుంచి విడుదలవుతుంది. దాన్ని కాక్స్ అనే ఎంజైమ్ పీజీహెచ్2గా మారుస్తుంది. ఆ తర్వాత ఇంకో ఎంజైమ్, పీజీఈ సింథేస్, దాన్ని పీజీఈ2గా తయారుచేస్తుంది. ఇదే ప్రోస్టాగ్లాండిన్లలో మనకి ఈరోజు కావలసింది.

కాక్స్‌లో రెండు రకాలున్నాయి. కాక్స్-1 రోజూ పనిచేసేది. కాక్స్-2 ఒంట్లో చాలాచోట్ల వాపో ఇన్ఫెక్షనో వస్తేనే పెరుగుతుంది. కానీ మెదడులో మామూలుగా కూడా ఉంటుంది. అప్పుడే పుట్టిన పందిపిల్లల్లో చూస్తే, మెదడులో ప్రోస్టాగ్లాండిన్ల తయారీలో పెద్ద వాటా కాక్స్-2దే అని తేలింది.

ఇప్పుడు ఇన్ఫెక్షన్ సంగతి. ఒంట్లో బ్యాక్టీరియా చేరగానే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే కబురు పంపుతాయి. ఆ కబురు మెదడు రక్తనాళాల గోడల దగ్గర అందుతుంది. అక్కడ కాక్స్-2, పీజీఈ సింథేస్ పెరుగుతాయి, పీజీఈ2 తయారై మెదడులోకి వెళ్తుంది. అది హైపోథాలమస్‌కి చేరితే జ్వరం. బ్రెయిన్ స్టెమ్‌లో ఊపిరిని నడిపించే కణాల దగ్గరికి చేరితే ఊపిరి నెమ్మదిస్తుంది. పసిపిల్లల్లో ఆ కంట్రోల్ ఇంకా ముదరలేదు కదా, అందుకే ఏకంగా ఆగిపోవచ్చు.

2007లో స్వీడన్‌లోని కరోలిన్‌స్కా పరిశోధకులు దీన్ని ఎలుకపిల్లల్లో చూపించారు. ఆ పీజీఈ సింథేస్ లేని పిల్లల్లో ఇంటర్‌ల్యూకిన్ ఇచ్చినా ఊపిరి అలా తగ్గలేదు. ఆసుపత్రుల్లోనూ దీనికి పోలిక ఉంది. కొన్ని గుండె జబ్బులతో పుట్టిన పిల్లలకి ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెడతారు. దాని వల్ల ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుందని డాక్టర్లు ముందే జాగ్రత్త పడతారు.

"అయితే ఆ ఎంజైమ్‌ని ఆపేస్తే సరిపోతుందిగా?" అంటారు. నేనూ అదే అనుకున్నా. కానీ పసి మెదడులో రక్తప్రవాహాన్ని సర్దడంలో కూడా ప్రోస్టాగ్లాండిన్లకి పాత్ర ఉంది. కాక్స్‌ని అడ్డుకునే ఇండోమెథాసిన్ ఇస్తే మెదడుకి వెళ్లే రక్తం తగ్గుతుంది. కిలో కన్నా తక్కువ బరువుతో పుట్టిన 1202 మంది పిల్లల మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2001లో వచ్చాయి. ఈ మందు వల్ల మెదడులో తీవ్రమైన రక్తస్రావం 13 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. కానీ 18 నెలల వయసులో చూస్తే, చనిపోవడం, ఎదుగుదల లోపాలు కలిపి లెక్కేస్తే తేడా కనిపించలేదు. అంటే ఒకచోట లాభం వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మనం తలనొప్పికి వేసుకునే ఐబుప్రోఫెన్ ఆపేది కూడా ఈ కాక్స్‌నే. మనకి మామూలు మాత్రే, పసిబిడ్డకి మాత్రం కాదు.

కాబట్టి ఇంట్లో మూడు నెలల్లోపు బిడ్డ ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఒళ్లు 100.4 డిగ్రీలకి చేరినా, బాగా చల్లబడినా, పాలు తాగడం మానేసినా, ఊపిరి మధ్యలో ఆగినా సొంతంగా సిరప్ పోయకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం లేదు కదా అని ఆగకండి.

మావాడి కల్చర్‌లో బ్యాక్టీరియా కనిపించింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన కొన్నాళ్లకి మానిటర్ మోత ఆగింది. ఇప్పుడు వాడి మోత ఆపలేకపోతున్నాం!

ఇంట్లో చంటిబిడ్డ ఉన్నవాళ్లకి ఇది పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.