ఊరందరికీ కబురు, పిల్లకి తప్ప

పెద్దమనిషైంది, ఈడేరింది, సమర్తాడింది, పుష్పవతి అయింది, రజస్వల అయింది. ఒక్క సంగతికి తెలుగులో ఇన్ని మాటలు. ఆ తర్వాత నెలనెలా వచ్చేదానికి ఇంకొన్ని: ముట్టయింది, బయట చేరింది, దూరంగా ఉంది, కాకి ముట్టుకుంది. ఈ తరం పిల్లలు డేటొచ్చిందనో పీరియడ్స్ అనో తేల్చేస్తున్నారు. చిత్రమేమిటంటే ఆ మొదటి వరసలోని మాటలన్నీ జరిగాక చుట్టాలకి కబురు చేయడానికి పుట్టినట్టుంటాయి. జరగకముందు పిల్లని కూర్చోబెట్టుకుని చెప్పడానికి పెద్దవాళ్ళకి మాట దొరకదు.

కబురు విషయంలో మాత్రం మనవాళ్ళు ఏ లోటూ చేయరు. మేనమామకి ఫోన్ వెళుతుంది. మేనత్తలు దిగుతారు. పిల్లని చాప మీద కూర్చోబెడతారు, నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెడతారు, బేసి రోజు చూసి తలకు పోస్తారు, పేరంటాళ్ళు హారతులిస్తారు. ఈమధ్య ఫంక్షన్ హాలు, గేటు దగ్గర ఆరడుగుల ఫ్లెక్సీ, పైన తిరిగే డ్రోన్ కెమెరా కూడా చేరాయి. అమెరికాలోని తెలుగువాళ్ళు దీన్నే హాఫ్ శారీ ఫంక్షన్ చేసుకుని, అసలు సంగతితో నిమిత్తం లేకుండా వేసవి సెలవుల్లో వీలైన శనివారం చూసి కానిచ్చేస్తున్నారు. అదొక రకంగా నయమే. క్లాసులో కుర్రాళ్ళు ఫ్లెక్సీ చూసి నవ్వుతారన్న బెంగ ఆ పిల్లకి ఉండదు.

ఈ హడావుడికి పాత కారణం ఉంది. ఈడేరకముందే పెళ్ళి చేసేసే కుటుంబాల్లో సమర్త కబురు అత్తవారింటికి వెళ్ళేది, అంటే పిల్లని కాపురానికి పంపే ముహూర్తం చూసుకోవచ్చని అర్థం. మిగిలిన ఇళ్ళలో, మా పిల్ల పెళ్ళికెదిగిందని ఊరికి చాటడం. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసు పద్నాలుగన్నది, 1978 సవరణ పద్దెనిమిది చేసింది. కబురు అవసరం పోయింది, వేడుక మిగిలింది. వేడుక మొదటినుంచీ పెద్దల కోసమే కాబట్టి పిల్లకి ఏం తెలుసన్న ప్రశ్న అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావడం లేదు.

నిజంగా ఏం తెలుసు? మన దేశంలో అప్పటిదాకా జరిగిన 138 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2016లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. అందులో దాదాపు 97 వేలమంది బాలికల వివరాలున్నాయి. మొదటిసారి నెలసరి వచ్చేనాటికి అదేమిటో ముందే తెలిసినవారు నూటికి 48 మంది. మిగతా సగం మందికి అది ఒక హఠాత్తు సంఘటన. దెబ్బ తగల్లేదు, రక్తం వస్తోంది, ఎవరితో చెప్పాలో తెలియదు.

అసలు అది రక్తమని కూడా చాలామంది పోల్చుకోలేరు. ఏళ్ళ తరబడి టీవీ ప్రకటనల్లో ప్యాడ్ మీద నీలం నీళ్ళు పోసి చూపించారు. సినిమాల్లో రక్తమంటే చిక్కటి ఎరుపు. మొదటి నెలసరి చాలాసార్లు ఈ రెండూ కాదు. లోదుస్తుల మీద బెల్లంపాకం రంగులో చిన్న మరక, అంతే. విరేచనం అంటుకుందేమోననుకుని గుట్టుగా ఉతికేసుకున్నవాళ్ళూ, ఏదో పెద్ద జబ్బు చేసిందని రెండు రోజులు లోలోపల ఏడ్చినవాళ్ళూ ప్రతి తరంలోనూ ఉన్నారు. ఇంట్లో అమ్మమ్మనో పెద్దమ్మనో అడిగి చూడండి.

లోపల జరిగేది నిజానికి చాలా ముందే మొదలవుతుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అన్నాళ్ళూ నిద్రపోతున్నట్టుంటుంది. దాన్ని లేపడంలో కిస్‌పెప్టిన్ అనే రసాయనానిది ముఖ్య పాత్ర అని 2003లో తేలింది. దీని జన్యువు అంతకుముందే 1996లో, క్యాన్సర్ పరిశోధనలో, అమెరికాలోని హర్షీ పట్నంలో బయటపడింది. ఆ ఊళ్ళో తయారయ్యే హర్షీస్ కిస్సెస్ చాక్లెట్ల పేరే దానికి పెట్టేశారు. హైపోథాలమస్ నుంచి పీయూష గ్రంథికి, అక్కడినుంచి అండాశయాలకి కబుర్లు వెళతాయి. అండాశయాలు ఈస్ట్రోజన్ వదులుతాయి, గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, ఒకనాడు అది రాలి బయటికొస్తుంది. పోయే రక్తం మొత్తమ్మీద సుమారు 30, 40 మిల్లీలీటర్లు. అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు, అంతే. ‘చెడు రక్తం’ అనే మాట ఎక్కడినుంచి వచ్చిందోగానీ, అందులో చెడు ఏమీ లేదు. బిడ్డ కోసం సిద్ధమైన మెత్తటి పక్కను, బిడ్డ లేదు కాబట్టి, శరీరం తీసేస్తోంది.

ఇదంతా చెప్పాపెట్టకుండా వచ్చేది కాదు. ముందుగా రొమ్ముల దగ్గర చిన్న గడ్డలా కనిపించి నొప్పిగా ఉంటుంది. పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగుతుంది. ఆ మొదటి గుర్తు తర్వాత సుమారు రెండు, రెండున్నరేళ్ళకి నెలసరి వస్తుంది. దానికి కొన్ని నెలల ముందు తెల్లబట్ట కనిపించడం మామూలే. కాబట్టి కూతురి గౌను బిగుతైన రోజే తల్లి చేతిలో ఒక క్యాలెండరు ఉన్నట్టు లెక్క.

‘మా కాలంలో పద్నాలుగుకి గానీ అయ్యేవాళ్ళం కాదు, ఇప్పుడు పదకొండుకే’ అని అమ్మమ్మలనడంలో నిజముంది. తిండి, ఆరోగ్యం మెరుగుపడ్డ ప్రతి దేశంలోనూ ఈ వయసు తగ్గుతూ వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు నార్వేలో పదహారు దాటాక వచ్చేది, తర్వాత పదమూడు దరిదాపులకి దిగింది. ఒంట్లో చేరే కొవ్వుకీ దీనికీ సంబంధముంది. అయితే ఈ నేరాన్ని మనవాళ్ళు బ్రాయిలర్ కోడి మీదికి తోసేస్తారు. పాపం ఆ కోడి నలభై రోజుల్లో పెరిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. హార్మోన్ ఇంజెక్షన్ల కథ కోడికీ పిల్లకీ కూడా వర్తించదు.

మరి ఎప్పుడు చెప్పాలి? బడి చెబుతుందిలే అనుకుంటే ఆలస్యమే. కౌమార దశ పాఠం వచ్చేది ఏడో తరగతిలోనో ఎనిమిదో తరగతిలోనో, సైన్సులో. అప్పటికి పిల్లకి పన్నెండు, పదమూడేళ్ళు, క్లాసులో చాలామందికి అయిపోయి ఉంటుంది. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరిట నెలకు పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కూడా ఏడో తరగతినుంచే ఇచ్చారు. మంచి పథకమే, కానీ అయిదులోనో ఆరులోనో అయిన పిల్ల మాటేమిటి? తొమ్మిదేళ్ళు నిండేసరికి ఇంట్లో ఒక విడత మాట్లాడి ఉండాలి.

పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ‘ఆడవాళ్ళందరికీ నెలకోసారి ఇలా వస్తుంది, నాకూ వస్తుంది, నీకూ ఇంకో రెండు మూడేళ్ళలో వస్తుంది, దెబ్బ కాదు, జబ్బు కాదు’ అంటే సగం పనైపోయినట్టే. మిగతా సగం చేతులతో చూపించాల్సింది. ప్యాడ్ విప్పి, ఏ వైపు అంటించాలో చూపించాలి. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలని, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలని, మరుగుదొడ్డిలో పడేస్తే గొట్టం పూడుకుపోతుందని చెప్పాలి. గుడ్డ వాడే ఇళ్ళలో సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. చీర కింద దాచి చీకట్లో ఆరేసే అలవాటే ఇన్‌ఫెక్షన్లకి దారి. బడిసంచిలో ఒక చిన్న పౌచ్: రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత పేపరు ముక్క. బడిలో ఏ టీచర్ని అడగాలో పేరు చెప్పి మరీ చెప్పాలి. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఉండే పిల్లలకి అమ్మ పక్కన ఉండదు కాబట్టి చేర్పించే రోజే ఈ మాట కావాలి.

నాన్నకి కూడా తెలియాలి. తల్లి లేని ఇళ్ళున్నాయి, తల్లి ఊళ్ళో లేని రోజులూ ఉంటాయి. మందుల షాపువాడు ప్యాడ్లని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి ఇస్తుంటే, కవర్ వద్దని ఆ తండ్రి ఒక్కసారి అంటే చాలు, పక్కనున్న పిల్ల నేర్చుకునేది చాలా ఉంటుంది. 2018 జులైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. 2019 ఆగస్టు నుంచి జనౌషధి దుకాణాల్లో ఒక్కో ప్యాడ్ రూపాయికే దొరుకుతోంది. నల్ల కవరే ఇంకా పోలేదు.

చిమ్మిలి మాత్రం ఉంచుకోదగ్గదే. నువ్వుల్లో ఇనుము ఉంది, అయితే ఒంటికి పట్టేది తక్కువ. పైన జామకాయో ఉసిరికాయో తింటే ఎక్కువ పడుతుంది, వెంటనే టీ తాగితే తగ్గుతుంది. అదొక్కటే చాలదు కూడా. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తహీనత. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రని పారేయకుండా మింగేలా చూడాలి.

మొదటి ఏడాది రెండేళ్ళు లెక్క తప్పుతుంది. అండం ఇంకా క్రమంగా విడుదల కాదు కాబట్టి 21 రోజులకి రావచ్చు, 45 రోజులకీ రావచ్చు. రెండో నెల రాలేదని కంగారుపడి స్కానింగ్ చేయించి, పీసీఓడీ అని పేరు పెట్టేసుకోవడం తొందరపాటు. కంగారుపడాల్సినవి వేరే ఉన్నాయి: ఎనిమిదేళ్ళు నిండకుండా రొమ్ములు పెరగడం, పదిహేనేళ్ళు వచ్చినా నెలసరి రాకపోవడం, ఏడు రోజులు దాటి రక్తం పోవడం, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, బడికి వెళ్ళలేనంత కడుపునొప్పి. వీటికి వంటింటి కషాయం కాదు, డాక్టరు కావాలి.

ఇంట్లో నాలుగో తరగతి పూర్తయిన ఆడపిల్ల ఉంటే, జూన్‌లో బడి తెరిచేలోపు ఒక సాయంత్రం తీరిక చేసుకోండి. పుస్తకాల సంచి కొనేటప్పుడు లోపల చిన్న జిప్పు అర ఉన్నది చూసి కొనండి.