కాళ్లలో నిలిచిన నెత్తురు

జంషెడ్‌పూర్‌లో 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడిన నాటినుండి వేలాదిమంది కొలిమి వేడిమికి ఎదురు నిలిచి బ్రతుకుతున్నారు. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాలనుండి వలస వెళ్లిన తెలుగువారూ వారిలో ఎందరో ఉన్నారు. వేసవి మధ్యాహ్నం కొలిమిముందు కదలక నిలబడిన దృఢకాయుడు సైతం ఒక్కొక్కప్పుడు కళ్లు బైర్లు కమ్మి కూలిపోతాడు. గుండె జబ్బేమోనని చుట్టుప్రక్కలవారు బెదరిపోతారు. చాలమందికి గుండెలో లోపమేమీ ఉండదు. దానికి చేరవలసిన నెత్తురు కాళ్లలో నిలిచిపోయింది, అంతే.

ఇది ఎట్లు జరుగుతుందో పరిశీలించటానికి శరీరశాస్త్రజ్ఞులు ఒక చిత్రమైన పెట్టెను కల్పించారు. మనిషిని వెల్లకిలా పరుండబెట్టి, నడుము వరకు పెట్టెలోనికి చొప్పించి, గాలి చొరకుండా బిగించి, లోపలి గాలిని పంపుతో కొంత తోడివేస్తారు. రక్తం కటిభాగానికీ కాళ్లకూ దిగజారుతుంది. మనిషి పడుకొనే ఉన్నా, గుండెకు మాత్రం అతడు లేచి నిలబడినట్లే తోస్తుంది.

పెట్టెలోని పీడనం 20 మిల్లీమీటర్ల పాదరసం మేరకు తగ్గితే నాడి పెద్దగా మారదు. కాని గుండె దాపున ఉన్న నరాల కొనలు లోటును అప్పటికే పసిగట్టి మెదడుకు తెలుపగా, ముంజేతి రక్తనాళాలు ముడుచుకొంటాయి. 40 దాటితే గుండె వడి పెరుగుతుంది. ఒక్కొక్క స్పందనకు వెడలే రక్తం తగ్గుతుంది. ఆశ్చర్యమేమంటే, రక్తపీడనం చాలసేపు ఇంచుమించు మామూలుగానే ఉంటుంది. ప్రమాదంలో లీటరు వరకు నెత్తురు కోల్పోయినవాని స్థితి ఇటువంటిదే. పీడనమొక్కటే చూచి భయం లేదనుకొనే వైద్యుడు మోసపోయేది ఇక్కడే. ఓర్పు తీరగానే గుండె హఠాత్తుగా నెమ్మదిస్తుంది, నాళాలు సడలుతాయి, స్పృహ తప్పుతుంది.

1973లో అమెరికా వ్యోమగాములు స్కైలాబ్‌లో ఈ పెట్టెలో దూరారు. భారరహిత స్థితిలో రక్తం తలవైపు ఎగబాకుతుంది. భూమికి దిగినవెంటనే నిలబడలేకపోవటం వారికి పెద్ద చిక్కు. సోవియట్‌వారు తిరుగు ప్రయాణానికి ముందు లాగువంటి తొడుగుతో ఇదే చూషణాన్ని సాధన చేయించేవారు.

కొలిమివద్ద పెట్టె అక్కరలేదు. లేచి నిలబడినంతనే సుమారు అర లీటరు రక్తం దిగువకు జారుతుంది. వేడికి చర్మంలోని నాళాలు విప్పారి మరికొంత లాగుకొంటాయి. చెమటతో నీరు, ఉప్పు తరుగుతాయి. నడిచేవానికి పిక్కలే రెండవ గుండె; నిశ్చలంగా నిలబడినవానికి ఆ సాయమూ లేదు. కూలినవానిని నలుగురూ పట్టి కూర్చోబెట్టటం మనవారి అలవాటు, అదే పొరపాటు. నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టాలి. పూర్తిగా తెలివి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వవచ్చు. ఒళ్లు కాలుతూ మాట తడబడుతుంటే మాత్రం అది వడదెబ్బ. చన్నీళ్లతో తడుపుతూనే ఆస్పత్రికి చేర్చాలి.