వాద్యము నాదము – దాని ఆకారము

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో తప్పెటగుళ్ల కళాకారులు గుండ్రని తప్పెటలను రొమ్మున కట్టుకొని, చిందులు వేయుచు వాయింతురు. బిగువు సమానమైనచో పెద్ద వాద్యము మంద్రముగను, చిన్నది హెచ్చు శ్రుతిలోను మ్రోగుట అందరెరిగినదే. అయితే వాద్యమును కంటితో చూడక, నాదము మాత్రమే విని దాని కొలతను, ఆకారమును చెప్పవచ్చునా? ఇది పిల్లల పొడుపుకథ వలె తోచును గాని, గణితవేత్తలను చిరకాలము చిక్కుపెట్టినది.

చట్రమునకు బిగించిన పొరను కొట్టినపుడు ఒక్క స్వరమే పుట్టదు. మూలస్వరముతో పాటు హెచ్చు కంపనసంఖ్యలు గల స్వరములనేకము పుట్టును. ఈ సంఖ్యల వరుస ఆ పొరకు జాతకము వంటిది. ఒక మేరకు లోబడిన స్వరములెన్నియో లెక్కించుచు, ఆ మేరను పెంచుకొనిపోయినచో పొర వైశాల్యము తేలునని 1911లో హెర్మన్ వైల్ అను జర్మను పండితుడు నిరూపించెను.

అది చదునైన పొర మాట. బంతివలె వంపు తిరిగిన తలముల సంగతి యేమి? వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితాచార్యులుగా పనిచేసిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం (1913–1968), స్వీడను దేశీయుడగు ఓకే ప్లేయెల్‌తో గూడి 1949లో దీనికి మార్గము చూపిరి. వారు వేడిమి నాశ్రయించిరి. తలముపై నొకచోట వేడి సోకినచో అది నలుదెసల ప్రాకును. చిత్రమేమనగా, కంపనములను శాసించు సంఖ్యలే ఈ ప్రాకుటను గూడ శాసించును. చీమకు భూమి గుండ్రదనము తెలియనట్లు, తొలి క్షణమున వేడికి తలము వంపు తెలియదు. కాలము గడచిన కొలది ఆ వంపు తన ప్రభావమును చూపును. కావుననే వారి సూత్రములో మొదటి పదము వైశాల్యమును తెల్పును. వంపు తరువాతి పదములలో దాగియుండును. బంతికిని, నడుమ చిల్లుగల గారెకును గల భేదము స్వరములలోనే యున్నదని పిమ్మటివారు ఈ దారినే కనుగొనిరి.

చదునైన పొర చుట్టుకొలతయు నాదమువలన తెలియునని 1954లో ప్లేయెల్ చూపెను. ఒకే చుట్టుకొలత గల ఆకారములలో వృత్తమునకే వైశాల్యము మిక్కుటము గదా! కనుక గుండ్రని పొరను మరియొకటిగా భ్రమపడుటకు వీలులేదు. తక్కినవానినిగూడ ఇట్లే గుర్తింపవచ్చునా యని 1966లో మార్క్ కాట్స్ ప్రశ్నించెను. ఇరువదియారేండ్లకు, 1992లో, కెరొలిన్ గోర్డన్, డేవిడ్ వెబ్, స్కాట్ వోల్పర్ట్ అనువారు ఎనిమిదేసి భుజములు గల రెండు ఆకారములను చూపిరి. వాని వైశాల్యము, చుట్టుకొలత, స్వరములు సర్వము సమానములు. ఆకారములు మాత్రము వేరు. కన్నులు మూసికొని వినువాడు ఏది మ్రోగినదో చెప్పజాలడు.