మొగులు పట్టినప్పుడు పిట్టను గుర్తుపట్టడం ఎలా?

ముసురు పట్టిందంటే చేనిమీద ఎగిరే పిట్ట ఏదైనా కన్నుకు నల్లగానే కనబడుతుంది. చిలుకా నల్లనే, పాలపిట్టా నల్లనే. ఒడిసెల చేతిలో ఉన్న రైతుకు ఇక్కడే చిక్కు. మక్క కంకి పాలు పోసుకునే వేళ చిలుకల గుంపు దిగితే గట్టు పక్క సాళ్లు బోడిగా మిగులుతాయి. పాలపిట్ట గింజ ముట్టదు. మిడతలను, పురుగులను ఏరుకుని తింటుంది. రెండూ ఒకటేననుకుని రాయి విసిరితే, కూలి అడగని పనివాణ్ణి తరిమినట్లే. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను తన పక్షిగా ప్రకటించుకుంది. మక్క చేను ఉన్నవారికి ఈ రెంటిలో ఏది ఇష్టమో చెప్పనక్కర్లేదు!

జేబులో ఫోను ఉన్నవారు ఎగిరే పిట్టను ఫొటో తీసి, ఇంటికి పోయాక నిదానంగా చూసుకోవచ్చు. అయితే మబ్బులో తీస్తే ఫొటోలోనూ నల్ల మచ్చే వస్తుందని చాలామంది విసిగి వదిలేస్తారు. దానికి కారణం ఉంది. మొగులు తెల్లగా వెలుగుతుంటే కెమెరా దాన్నే చూసి, వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. పిట్ట చీకట్లో పడుతుంది. కాబట్టి మీరే వెలుతురు పెంచాలి. చాలా ఫోన్లలో తెరపై వేలుతో నొక్కితే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకి జరపండి. ఆకాశం తెల్లగా పాలిపోయినా ఫర్వాలేదు, మనకు కావలసింది రెక్క రంగు. పెద్ద కెమెరా ఉన్నవారు ఎక్స్‌పోజర్‌ను ప్లస్ 1 నుంచి ప్లస్ 2 దాకా పెంచుకోవాలి.

ఇంతకన్నా తేలిక ఉపాయం ఒకటుంది. పిట్ట వెనుక ఆకాశం కాకుండా చింతచెట్టో, గుట్టో వచ్చేటట్లు నిలబడండి. రంగు బాగా పడుతుంది. దంతె వెంట, ట్రాక్టరు వెంట తిరిగే తెల్లకొంగకు మాత్రం లెక్క తిరగబడుతుంది. నల్లటి చెట్టు ముందు కొంగ వెలిసిపోతుంది కనుక అక్కడ వెలుతురు తగ్గించాలి.

రెక్క చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు. మబ్బులో అంత వేగం కావాలంటే ఐఎస్ఓ 800 నుంచి 3200 దాకా పెంచక తప్పదు. ఫొటోలో నూగు కనబడుతుంది, గుర్తుపట్టడానికి అది అడ్డం కాదు. ఫోనులో రాత్రి ఫొటోల మోడ్ ఆపేయండి. అది నాలుగైదు ఫొటోలను ఒకటిగా కలుపుతుంది, ఎగిరే పిట్ట అందులో చెరిగిపోతుంది. వరుసగా ఫొటోలు తీసే బర్స్ట్ వాడండి. ఇరవైలో రెండు నిలిచినా చాలు. ఎండరోజున పొద్దున, సాయంత్రం మంచిదంటారు గాని, మొగులు రోజున నడిమి పగలే వెలుతురు కాస్త ఎక్కువ.

గాలి సంగతి తూర్పారబట్టిన మీకు ఒకరు చెప్పాలా? పిట్ట సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తుంది. వానాకాలంలో మన దిక్కు పడమటి గాలి కనుక, పిట్టకు పడమటి వైపున, గాలి మీ వీపుకు తగిలేటట్లు నిలబడితే అది మీ వైపే లేస్తుంది. మోచేతులు పక్కలకు ఆనించి, నడుము తిప్పుతూ పిట్ట వెంట ఫోను తిప్పాలి.

ఇక ఫొటోలో ఏం చూడాలి? చిలుకైతే తోక పొడుగ్గా, మొనదేలి ఉంటుంది. ముక్కు పొట్టిగా వంగి ఉంటుంది. పాలపిట్ట రెక్కల్లో ముదురు నీలం, లేత నీలం పట్టీలు కొట్టొచ్చినట్లు కనబడతాయి. తోక చివర రెండుగా చీలిన నల్లపిట్ట పసులపోలిగాడు. పురుగులనే పట్టి తింటుంది, దాని జోలికి పోవద్దు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ అనే ఉచిత యాప్‌లో ఫొటో పెడితే పేరు సూచిస్తుంది. 1931లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టిన కాలంలో, పేరు తేల్చడానికి పిట్టను తుపాకితో కొట్టి చేతపట్టి చూడాల్సి వచ్చేది.

వచ్చేది చిలుకలేనని తేలితే, గట్టు వెంట మూడు నాలుగు సాళ్లలో కంకులకు ఆ మొక్క ఆకులనే చుట్టండి. మెరుపు రిబ్బన్లు కట్టేవారు ఉత్తర దక్షిణాలుగా, రెండు మూడు మెలికలు తిప్పి, పైరుకు అడుగు ఎత్తున కట్టాలి. మొగులు రోజున మెరుపు తగ్గుతుంది, అప్పుడు పనిచేసేది గాలికి వచ్చే చప్పుడే. కనుక వదులుగా వేలాడనీయొద్దు. విషపు గింజలు మాత్రం చల్లకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిలుకను, నెమలిని చంపడం నేరం. పైగా ఆ గింజలు మీ కోళ్లూ తింటాయి.

పిట్టలు ఏ వేళకు, ఎన్ని, ఏ దిక్కు నుంచి దిగుతున్నాయో రాసుకుని, ఫొటోతోపాటు రైతు వేదికలో విస్తరణ అధికారికి గాని, పాలెం కృషి విజ్ఞాన కేంద్రంలో గాని చూపించండి. చినుకుల్లో పోయేటప్పుడు ఫోనును పాలిథిన్ కవరులో పెట్టి, కెమెరా కన్ను దగ్గర చిన్న రంధ్రం చేసుకుంటే సరిపోతుంది.