పుస్తకభారం

పుస్తకం హస్తభూషణమని పెద్దల మాట. చేతిలోని ఒక్క పుస్తకం భూషణమే. కాని అలమరలో చేరిన అయిదువందల పుస్తకాలు భూషణమే కాక భారం కూడా. చదువరులున్న ఇంట పుస్తకాలు ఏటేటా పెరుగుతాయి. వాటిని మోసే చెక్క బలం మాత్రం పెరగదు. అర నడుమ కొద్దికొద్దిగా కుంగుతుంది. ఇంటివారి కన్ను ఆ వంపునకు అలవాటు పడుతుంది. ఒకనాటి రాత్రి పెద్ద చప్పుడుతో అర జారిపడితే నష్టం పుస్తకాలతోనే ముగియవచ్చు. అదే సమయంలో దాని కింద పసివాడు ఆడుకుంటూ ఉంటే ఆ నష్టం పూడ్చరానిది. కనుక అలమర ఎంత బరువు మోయగలదో తెలుసుకోవడం ప్రతి గృహస్థునికీ అవసరం.

ముందుగా పుస్తకాల బరువును అంచనా వేయాలి. కాగితాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని తూకం కడతారు. డెమ్మీలో ఎనిమిదోవంతు పరిమాణంలో, అంటే సుమారు 14 సెంటీమీటర్ల వెడల్పు, 21.5 సెంటీమీటర్ల ఎత్తు గల మూడువందల పుటల పుస్తకాన్ని తీసుకుందాం. అందులో 150 ఆకులుంటాయి. 70 గ్రాముల కాగితమైతే ఒక్కొక్క ఆకు సుమారు రెండు గ్రాములు తూగుతుంది. అట్టతో కలిపి పుస్తకం బరువు దాదాపు 350 గ్రాములు. మందం ఒకటిన్నర సెంటీమీటర్లు. ఇటువంటివి మీటరు పొడవున అరవై అయిదు పడతాయి. వాటి మొత్తం బరువు సుమారు 23 కిలోలు. పెద్ద పరిమాణంలోని నిఘంటువులు, విజ్ఞానసర్వస్వాలు అయితే అదే మీటరుకు 35 కిలోలకు చేరవచ్చు. ఒత్తుగా పేర్చిన పుస్తకాల వరుస అదే పరిమాణం గల టేకు దుంగకు బరువులో ఏమాత్రం తీసిపోదు. ముందొక వరుస, వెనుకొక వరుసగా అమరిస్తే ఈ భారం రెట్టింపవుతుంది.

ఈ భారాన్ని మోయడంలో చెక్క రకం కంటె ఆధారాల మధ్య దూరానిదే ప్రధాన పాత్ర. మీటరుకు ఇంత అని బరువు సమానంగా పరచుకొన్నపుడు అర వంపు ఆ దూరం యొక్క నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. దూరం రెట్టింపయితే వంపు పదహారు రెట్లవుతుంది! చెక్క మందం మాత్రం ఇందుకు విరుద్ధంగా పనిచేస్తుంది. మందం రెట్టింపయితే వంపు ఎనిమిదోవంతుకు తగ్గుతుంది. విద్యార్థి తన స్కేలును బల్లపరుపుగా పట్టుకొని వంచితే సులభంగా వంగుతుంది. అంచుపై నిలబెట్టి వంచబోతే ఎంతకూ వంగదు. దూలాల బలాన్ని గురించి గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో చర్చించాడు. నేటి వడ్రంగి అర ముందు అంచుకు నిలువుగా ఒక చెక్కపట్టీని బిగించడంలోని రహస్యమూ ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. 25 సెంటీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం, 90 సెంటీమీటర్ల పొడవు గల అర రెండు కొసలా ఆధారాలపై ఆనుకొని ఉన్నదనుకొందాం. మీటరుకు 25 కిలోల చొప్పున పుస్తకాలు పేర్చితే పార్టికల్ బోర్డు అర నడుమ సుమారు ఏడు మిల్లీమీటర్లు కుంగుతుంది. మంచి ప్లైవుడ్ అయితే రెండున్నర మూడు మిల్లీమీటర్లు, టేకు అయితే ఒకటిన్నర మిల్లీమీటర్లు కుంగవచ్చు. అదే పార్టికల్ బోర్డు పొడవును 60 సెంటీమీటర్లకు తగ్గిస్తే వంపు ఒకటిన్నర మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. కనుక పార్టికల్ బోర్డు అరకు 60, ప్లైవుడ్ అరకు 75 సెంటీమీటర్లకు మించకుండా ఆధారాలుండడం మేలు.

తొలిరోజు కనిపించిన వంపే చివరి వంపు కాదు. చెక్కపై బరువు నెలల తరబడి నిలిచి ఉంటే వంపు మెల్లమెల్లగా పెరుగుతూనే ఉంటుంది. పార్టికల్ బోర్డులో ఈ లక్షణం మరీ అధికం. వానకాలపు చెమ్మ తగిలితే అది ఉబ్బి బలహీనమవుతుంది. ఇక చెదలు పట్టిన చెక్క పైకి నిండుగానే కనిపిస్తుంది, లోపల డొల్ల. అయినా పుస్తకాల బరువుకు మంచి చెక్క నడుమకు విరగడం అరుదు. అర వంగినకొద్దీ దాని కొసలు లోపలికి లాగుకొంటాయి. చిన్న మేకులపై నిలిచిన ఆ కొసలు జారడంతో అర కూలుతుంది. కాబట్టి చెక్కను చూసినంత శ్రద్ధగా దాని కొసలనూ చూడాలి.

తెలుగువారి ఇళ్లలో గోడగూళ్లకు కడప బండలను అరలుగా అమర్చడం పరిపాటి. ఈ బండ చెక్కవలె వంగి హెచ్చరించదు. రాయి ఒత్తిడిని బాగా తట్టుకొంటుంది గాని సాగదీసే బలానికి ఓర్వలేదు. భారం వల్ల బండ అడుగుభాగం సాగుడుకు లోనవుతుంది. అక్కడ సన్నని బీట ఉంటే బండ ఒక్కసారిగా విరగవచ్చు. అటువంటి బీట కనిపించిన వెంటనే పుస్తకాలు దించివేయడమే వివేకం.

గోడకు బిగించిన అరల సంగతి వేరు. వాటి బలం గోడలోకి దిగిన మరమేకులది. గోడపూత మందం కొద్దిపాటిదే. మరమేకు దానిని దాటి ఇటుకలో గట్టిగా పట్టుకోవాలి. అర ఎంత వెడల్పయితే పైమేకుపై లాగుడు అంత ఎక్కువ. నేలపై నిలబెట్టిన పొడవైన అలమరకు పొంచి ఉన్న ప్రమాదం మరొకటి. పైఅరలో బరువైన గ్రంథాలు, కింది అరలో తేలికైనవి ఉంటే దాని గరిమనాభి పైకి జరుగుతుంది. పసిపిల్లలు అరలను నిచ్చెనమెట్లుగా భావించి ఎక్కితే అలమర ముందుకు ఒరుగుతుంది. బరువైన సంపుటాలను అడుగున ఉంచి, అలమర పైభాగాన్ని గోడకు బిగించాలి.

చివరకు ఈ భారమంతా చేరేది నేలకే. అయిదు అరల నిండు అలమర నూటయాభై కిలోల వరకు తూగవచ్చు. 1987 నాటి భారతీయ ప్రమాణం ఇంటి గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారాన్ని నిర్దేశించింది. గ్రంథాలయాల్లో పుస్తకాలు నిలువచేసే గదులకు, 2.2 మీటర్ల ఎత్తు వరకు, సుమారు 600 కిలోలుగా నిర్ణయించింది. గోడవారగా ఒకటి రెండు అలమరలుంటే చింత లేదు. మేడపై గదినంతటినీ వరుసలు వరుసలుగా పుస్తకాలతో నింపదలచినవారు మాత్రం ముందుగా ఇంజనీరును సంప్రదించాలి.

ఏడాదికి ఒకసారి పుస్తకాల దుమ్ము దులిపే రోజున అర అడుగున ఒక నిటారైన దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి పట్టి చూస్తే వంపు తెలిసిపోతుంది. పుస్తకాన్ని గౌరవించడమంటే దానిని చదవడమే కాదు, దానికి తగిన ఆసనాన్ని కల్పించడం కూడా.

ప్రశ్నలు

1. అర పొడవుకూ, మందానికీ, వంపునకూ గల సంబంధాన్ని వివరించండి.
2. చెక్క అరకూ, కడప బండ అరకూ గల భేదాన్ని తెలపండి.
3. అలమర ముందుకు ఒరగకుండా తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
4. మీ ఇంటిలోని ఒక అరపై గల పుస్తకాల బరువును అంచనా వేసి, ఆ అర క్షేమకరమో కాదో రాయండి.