పనస మొద్దు వీణ అయ్యేదెట్లా?

బుర్రకథ మీరు చూసే ఉంటారు. కథ చెప్పే మనిషి భుజాన తంబుర ఉంటుంది. దాని తీగ మీటుతూ ఆయన కథ చెబుతాడు. బొబ్బిలి యుద్ధం కథ కూడా అట్లా ఊరూరా తిరిగిందే. ఆ యుద్ధం 1757లో జరిగింది.

బొబ్బిలి విజయనగరం జిల్లాలో ఉంది. మన కొమరోలుకు చాలా దూరం. ఆ ఊరికి ఇంకో పేరు కూడా ఉంది. అది వీణల వల్ల వచ్చిన పేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లి అనే ఊరుంది. అక్కడ సర్వసిద్ధి అనే ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. పెద్దవాళ్లు చేస్తుంటే పిల్లలు చూసి నేర్చుకుంటారు. ఉలి, బాడిస, రంపం, ఆకురాయి - ఇవే ముఖ్యమైన పనిముట్లు.

ఏ కర్ర పనికొస్తుంది?

ఏ పనికి ఏ కర్ర వాడాలో మనకు తెలుసు. నాగలికి తుమ్మ కర్ర గట్టిది. ద్వారబంధానికి వేప మంచిది. అట్లాగే వీణకు పనస కర్ర వాడతారు. అది మరీ బరువుండదు. పురుగు తొందరగా పట్టదు. మీటితే మంచి నాదం ఇస్తుంది. నాదం అంటే ఇంపైన మోత.

పచ్చి కర్ర పనికిరాదు. బాగా ఆరాలి. పచ్చి చెక్కతో తలుపు చేస్తే ఏమవుతుంది? ఎండకు వంకర పోతుంది. పగుళ్లిస్తుంది. వీణ అయినా అంతే.

వీణలో గుండ్రటి భాగాన్ని కుండ అంటారు. పొడుగాటి భాగం దండి. దండి చివర సింహం లాంటి యాళి తల చెక్కుతారు. ఆ చివరన కింద సొరకాయ బుర్ర లాంటిది ఆనింపుగా ఉంటుంది. కుండ, దండి, తల విడివిడిగా చేసి అతికించవచ్చు. బొబ్బిలి వీణ గొప్పతనం ఏమిటంటే, ఈ మూడింటినీ ఒకే మొద్దులో చెక్కుతారు. దీన్ని ఏకాండి వీణ అంటారు. ఒక చోట ఉలి ఎక్కువ దిగితే ఆ ముక్క మార్చడానికి ఉండదు. మొద్దంతా పాడవుతుంది.

లోపల బోలు ఎందుకు?

ఖాళీ బిందెను వేలితో కొట్టి చూడండి. ఖంగుమంటుంది. నీళ్లు నింపి కొట్టండి. ఆ మోత రాదు. వీణ కుండను లోపల తొలిచి బోలుగా చేసేది ఇందుకే. పైన పలుచని చెక్క మూత వేస్తారు. ఆ మూత మీద గుర్రం అనే చిన్న దిమ్మ ఉంటుంది. తీగలు దాని మీదుగా పోతాయి. తీగ మీటితే అదురుతుంది. ఆ అదురు గుర్రం గుండా మూతకు, మూత నుంచి లోపలి గాలికి చేరుతుంది. అప్పుడు మోత పెద్దదవుతుంది.

కర్ర మందంగా ఉంటే మోత మూగబోతుంది. మరీ పలుచనైతే తీగల బిగువుకు ఆగదు. ఎంత తీయాలి, ఎక్కడ ఆపాలి? చేయి, చెవి కలిసి చెప్పాలి. అది ఏళ్ల తరబడి చేస్తేనే వస్తుంది.

మెట్ల లెక్క

వీణకు ఏడు తీగలు. నాలుగు పాట వాయించడానికి, మూడు తాళానికి. దండి మీద అడ్డంగా 24 మెట్లు ఉంటాయి. అవి లోహపు కడ్డీలు. మెట్టు దగ్గర తీగను వేలితో అదిమితే మీటే తీగ పొట్టిదవుతుంది. తీగ పొట్టిదైన కొద్దీ స్వరం పైకి పోతుంది.

32 అంగుళాల దారం ఒకటి తీసుకోండి. దాన్ని వీణ తీగ అనుకోండి. సగానికి మడవండి. 16 అంగుళాలు అయింది. సగం తీగ మీటితే పై స్థాయి స పలుకుతుంది. అది 12వ మెట్టు. ఇంకోసారి మడవండి. 8 అంగుళాలు మిగిలింది. అది 24వ మెట్టు. అంటే మొదటి 12 మెట్లు 16 అంగుళాల్లో పడతాయి. తరువాతి 12 మెట్లు 8 అంగుళాల్లోనే పడతాయి. అందుకే మెట్లు పోను పోను దగ్గరవుతాయి.

ఈ మెట్లను మేకులతో కొట్టరు. మైనంలో బొగ్గు పొడి కలిపి, ఆ ముద్ద మీద నిలబెడతారు. ఒక్కో మెట్టు మీటి, విని, అటూ ఇటూ జరుపుతారు. తరువాత ఎప్పుడైనా స్వరం తప్పినా, మైనం కరిగించి సరిచేయవచ్చు.

వీణకు చుట్టం మాండలిన్

మాండలిన్ ఇటలీ దేశంలో పుట్టిన వాయిద్యం. వీణ కన్నా చాలా చిన్నది. దాని తీగలు జంటలుగా ఉంటాయి - నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. దాని మెట్లు మైనం మీద నిలబడవు. రంపంతో సన్నని గాడి కోసి అందులో దిగ్గొడతారు. కాబట్టి ముందే కొలత తప్పకూడదు.

పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్, మాండలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించి చిన్నతనంలోనే పేరు పొందాడు. మన సంగీతానికి అనువుగా జంట తీగలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. ఆయనది కరెంటు మాండలిన్. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో ఆయన చనిపోయాడు. వాయిద్యం ఏ దేశానిదైనా, చేసే చేయి, వాయించే చేయి దాన్ని తమదిగా మార్చుకోగలవు.

రోజుల లెక్క

ఒక వీణ చేయడానికి సుమారు నెల పడుతుంది. ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఇది నిజం ధర కాదు. లెక్క కోసం అనుకున్నది.

వీణ అమ్మితే వచ్చింది 20,000 రూపాయలు.
కర్రకు, తీగలకు, మిగతా సామానుకు ఖర్చు 8,000 రూపాయలు.
మిగిలింది 12,000 రూపాయలు.

ఇది లాభమా? కాదు. ఒక మనిషి 30 రోజులు పని చేశాడు. రోజుకు 400 రూపాయలు పడింది. అది అతని కూలి. కొడుకు ఇంకో 10 రోజులు సాయం చేశాడనుకుందాం. మొత్తం 40 రోజులు. అప్పుడు రోజుకు 300 రూపాయలే. లాభం ఇంకా మొదలే కాలేదు.

"ఇంట్లో చేసేదే గదా, ఇంత ధరా?" అని కొనేవాళ్లు అంటారు. ఇంట్లో చేసినా పని పనే. పెద్ద వీణలు కొనేవాళ్లు తక్కువ. అందుకే గొల్లపల్లిలో బహుమతిగా ఇచ్చే చిన్న బొమ్మ వీణలు కూడా చేస్తారు. రోజులకు తగ్గ కూలి రాకపోతే పిల్లలు ఆ పనిలోకి రారు. వాళ్లు రాకపోతే చెవికి, చేతికి తెలిసిన విద్య అక్కడితో ఆగుతుంది.

పేరుకూ విలువ ఉంది

పలకలంటే మార్కాపురం గుర్తొస్తుంది. అట్లా ఊరి పేరుతో సరుకుకు గిరాకీ వస్తుంది. ఎక్కడో చేసిన సరుకును ఆ పేరుతో అమ్మితే అసలు పనివాళ్లు నష్టపోతారు. దీన్ని ఆపడానికి 1999లో చట్టం చేశారు. 2003లో అది అమలుకు వచ్చింది. దీన్ని భౌగోళిక గుర్తింపు అంటారు. బొబ్బిలి వీణకు ఈ గుర్తింపు ఉంది. గుర్తింపు పేరును కాపాడుతుంది. కూలిని మాత్రం ఎవరి లెక్క వాళ్లే రాసి అడగాలి.

ఆలోచించండి - రాయండి

1. మీరు ఇంట్లో చేసి అమ్మే వస్తువు ఏమిటి? జాకెట్లు కుట్టడమా? విస్తళ్లా? పచ్చళ్లా?
2. దానికి సామాను ఖర్చు ఎంత? ఎన్ని రోజులు పట్టింది? ఇంట్లో ఎవరెవరు సాయం చేశారు?
3. ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని రోజులతో భాగించండి. రోజుకు ఎంత పడింది? పక్కన రాసుకోండి. ఈసారి ధర చెప్పేముందు ఆ అంకె చూసుకోండి.